ఊరి విత్తన నిధి: ఏర్పాటు, నిర్వహణ

విత్తనం కోసం ప్రతి సీజనుకూ పూర్తిగా బయటి సరఫరా మీదే ఆధారపడిన ఊరు, ఏ పంట వేయాలో, ఎప్పుడు వేయాలో తానుగా తేల్చుకునే స్థితిలో ఉండదు. వాన మొహం చాటేసి మొదటి విత్తు మాడిపోయినప్పుడు, మళ్లీ తడి పడ్డ నాలుగైదు రోజుల్లోనే స్వల్పకాలిక రకం విత్తనం చేతికి అందాలి. ఆ సమయంలో అంగడిలో దొరికేది ఆ నేలకు సరిపడేదే అవుతుందన్న భరోసా లేదు. అందరూ ఒకే రకం మీద వాలిపోవడంలో మరో ముప్పు ఉంది. 1970లో అమెరికా మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు సోకినప్పుడు, అక్కడ సాగవుతున్న పంటలో నూటికి ఎనభై వంతులకు పైగా ఒకే మాతృమూలం నుంచి తయారైన సంకర (హైబ్రిడ్) రకాలు కావడం వల్ల, దేశం మొత్తం దిగుబడిలో సుమారు 15 శాతం ఒక్క ఏడాదిలోనే పోయింది.

ఊరి విత్తనాన్ని ఉమ్మడిగా దాచి, రైతులకు అప్పిచ్చి, కోతల తరువాత తిరిగి తీసుకునే ఏర్పాటే విత్తన నిధి. ఆ మాట అనగానే చాలామంది ముందు గది కోసం, డబ్బాల కోసం, వాటిని కొనడానికి విరాళాల కోసం తిరుగుతారు. ఇది తలకిందుల క్రమమని నా అభిప్రాయం. డబ్బాలో ఉన్న విత్తనం రోజురోజుకూ సత్తువ కోల్పోతూనే ఉంటుంది. దాన్ని బతికించేవి రెండే: దాన్ని విత్తే పొలం, ఎవరికి ఎంత ఇచ్చామో రాసుకునే పద్దు. పొలమూ పద్దూ సరిగ్గా ఉన్న ఊళ్లో గది లేకపోయినా నిధి నడుస్తుంది. నాలుగు ఇళ్లలో నాలుగు అటకలు చాలు.

ఎవరి దగ్గర ఏముంది

మొదటి పని ఊళ్లో మిగిలి ఉన్న రకాల లెక్క తీయడం. దీన్ని పంట కోతకు ముందు, పైరు పొలంలో నిలబడి ఉన్నప్పుడు చేయాలి; విత్తనం చూసి పోల్చలేని తేడాలు కంకి చూస్తే తెలిసిపోతాయి. ఒకే పేరుతో రెండు వేర్వేరు రకాలు ఉండడం, ఒకే రకానికి రెండు వాడల్లో రెండు పేర్లు ఉండడం మామూలే కనుక, పేరు రాసుకొని ఊరుకోకుండా గింజ రంగు, మీసం ఉందా లేదా, మొక్క ఎత్తు, పూతకూ కోతకూ పట్టే రోజులు, ఏ నేలలో బాగా వస్తుంది, ఎంతవరకు బెట్టను తట్టుకుంటుంది, దేనికి వండుకుంటారు, విత్తనం మొదట ఎవరి దగ్గర తెచ్చుకున్నారు అన్న వివరాలన్నీ రాయాలి. ఈ మాటలు అడగవలసింది ఇంటి యజమానిని ఒక్కణ్నే కాదు. చాలా ఇళ్లలో విత్తనాన్ని ఏరి, ఆరబెట్టి, దాచేది ఆడవాళ్లు. ఆ రకాన్ని ఎందుకు వదిలేశారో ఖచ్చితంగా చెప్పగలిగేదీ వాళ్లే. వదిలేయడానికి కారణం దిగుబడి తక్కువని పైకి చెప్పినా, లోతుగా అడిగితే దంచడం కష్టమనో, కూలీలు దొరకలేదనో, మర పట్టేవారు లేరనో బయటపడుతుంది. అప్పుడు చేయవలసిన పని విత్తనానికి సంబంధించినది కాదు, మరకు సంబంధించినది.

సేకరించిన వివరాలను ఊరి వారందరి ముందు నేల మీద నాలుగు గళ్ల ముగ్గు గీసి సరిచూడడం మంచి పద్ధతి. నేపాల్‌లో పంటల వైవిధ్యాన్ని రైతుల పొలాల్లోనే కాపాడే కార్యక్రమాల్లో దీన్ని విస్తృతంగా వాడారు. ఎక్కువ ఇళ్లు ఎక్కువ విస్తీర్ణంలో వేసే రకాలు ఒక గడిలో, ఎక్కువ ఇళ్లు కొద్దికొద్దిగా వేసేవి రెండో గడిలో, కొద్ది ఇళ్లే ఎక్కువ విస్తీర్ణంలో వేసేవి మూడో గడిలో, కొద్ది ఇళ్లు కొద్ది నేలలో వేసేవి నాలుగో గడిలో పడతాయి. నాలుగో గడిలోని రకాలు ఒక్క ఏడాది కరువుకే అంతరించిపోగలవు. నిధి పని అక్కడ మొదలుకావాలి. అయిదారు రకాలతో మొదలుపెట్టి వాటిని చక్కగా నిలబెట్టిన ఊరు, తొలి ఏడాదే అరవై రకాల సీసాలు అలంకరించిన ఊరి కంటే మెరుగైన స్థితిలో ఉంటుంది.

బజారు సంకర విత్తనాన్ని నిధిలోకి తీసుకోకూడదు. దాని గింజను మళ్లీ విత్తితే తరువాతి తరంలో లక్షణాలు విడిపోయి, మొక్క మొక్కకూ పొంతన లేకుండా వస్తుంది. తల్లి మొక్క లక్షణాలే తరువాతి తరంలోనూ వచ్చే సూటి రకాలే ఇక్కడ పనికివచ్చేవి.

విత్తనం పొలంలో తయారవుతుంది

తిండికి పండించిన కుప్పలోంచి నాలుగు శేర్లు తీసి విత్తనమని కట్టిపెట్టే అలవాటు నిధికి పనికిరాదు. విత్తనానికని కొంత పొలం చెక్క విడిగా గుర్తించుకొని, దాన్ని పూతకు ముందు ఒకసారి, పూత సమయంలో ఒకసారి, గింజ ముదిరేటప్పుడు ఇంకొకసారి నడిచి చూసి, రకానికి చెందని కేళీలనూ తెగులు సోకిన మొక్కలనూ పీకేయాలి. గట్టు పక్క వరుసలు వదిలి, చేను నడుమ నుంచి విత్తనం తీసుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కేళీలు పీకడం వేరు, అందమైన పెద్ద కంకులనే ఏరుకుంటూ పోవడం వేరు. దేశవాళీ రకంలో మొక్కల మధ్య కొద్దిపాటి తేడాలు సహజం. గడ్డు కాలంలో కొన్ని మొక్కలైనా నిలబడేది ఆ తేడాల వల్లే. కనుక ఆరోగ్యంగా ఉన్న అనేక మొక్కల నుంచి కొద్దికొద్దిగా తీసి కలపాలి. తమ పుప్పొడితోనే గింజ కట్టే వరి, గోధుమ, చిక్కుడు వంటి స్వపరాగ సంపర్క పంటల్లో యాభై మొక్కలకు తగ్గకుండా, మొక్కజొన్నలో కనీసం వంద, వీలైతే రెండు వందల మొక్కల నుంచి తీసుకోవాలి. పది కంకుల విత్తనంతో మొక్కజొన్నను తరతరాలుగా నడిపితే మొక్క కురచబడి, కంకి పొల్లుపోతుంది.

రకాలు కలిసిపోకుండా పాటించవలసిన దూరం పంటను బట్టి మారుతుంది. వరికీ గోధుమకూ మూడు మీటర్ల ఎడం చాలు. మొక్కజొన్న పుప్పొడి గాలిలో కొట్టుకుపోతుంది కనుక కనీసం 200 మీటర్లు ఉండాలి. అంత దూరం లేని చోట రెండు రకాల పూత మధ్య నాలుగు వారాల తేడా వచ్చేలా విత్తే తేదీలు మార్చుకోవచ్చు. ఇందుకు ఇరుగు పొరుగు పొలాలవారితో ముందే మాట్లాడుకోవాలి. ఊరందరి ఒప్పందం అక్కర్లేని విత్తనోత్పత్తి, వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టే పరపరాగ సంపర్క పంటల్లో లేదనే చెప్పాలి.

గుమ్మడి వంటి తీగజాతుల్లో తేనెటీగలు చాలా దూరం పుప్పొడిని మోస్తాయి. అర కిలోమీటరు నుంచి కిలోమీటరు వరకు ఎడం పాటించడం చిన్న కమతాల మధ్య కుదిరే పని కాదు. దానికి చేతితో పరాగ సంపర్కం చేయడమే మార్గం, అదంత కష్టమూ కాదు. మరునాడు విచ్చుకోబోయే గుమ్మడి మొగ్గలు ముందురోజు సాయంత్రానికి ఆకుపచ్చ పోయి పసుపుబారతాయి, కొస మాత్రం ముడుచుకొని ఉంటుంది. మొగ్గ అడుగున చిన్న పిందె ఉంటే ఆడ పువ్వు, సన్నని కాడ మాత్రమే ఉంటే మగ పువ్వు. రెండు రకాల మొగ్గలనూ కొసన దారంతో కట్టేయాలి. తెల్లవారగానే మగ పువ్వును కాడతో సహా తెంపి, రేకులు ఒలిచి, ఆడ పువ్వు కట్టు జాగ్రత్తగా విప్పి, నడుమ ఉన్న కీలాగ్రానికి పుప్పొడి నిండా అంటేలా రాసి, రేకులను మళ్లీ దగ్గరకు తెచ్చి కట్టేయాలి. ఒక్కో ఆడ పువ్వుకు వేరువేరు తీగల మగ పువ్వులు రెండు మూడు వాడితే మేలు. పిందె కాడకు రంగు దారం కట్టకపోతే నెల తరువాత ఏది విత్తనపు కాయో ఏది కూర కాయో ఎవరికీ గుర్తుండదు. ఆ కాయను తీగ మీదే బాగా ముదరనిచ్చి, కోశాక ఇంకో మూడు వారాలు నీడన ఉంచి అప్పుడు గింజ తీయాలి.

బంగాళదుంప, చిలగడదుంప, కర్రపెండలం వంటివాటిని డబ్బాలో దాచలేము. ఇవి నిధి పద్దులో ఉంటాయి గాని, ఉండే చోటు మాత్రం ఇద్దరు ముగ్గురు రైతుల పొలాలే.

ప్రతి రకాన్నీ ఏటా కనీసం ముగ్గురు రైతులు, వీలైతే వేరువేరు నేలల్లో పండించేలా బాధ్యతలు పంచాలి. ఒకరి చేను మునిగినా, మరొకరి చేను ఎండినా, మూడో చేను రకాన్ని కాపాడుతుంది.

ఆరబెట్టడం, నిలవచేయడం

నిధి నిర్వహణలో అన్నిటికంటే ఎక్కువ లాభమిచ్చే పని ఆరబెట్టడం. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రంగా పేరుపడిన ఉజ్జాయింపు లెక్క ప్రకారం, విత్తనంలో తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నంతవరకు, అందులో ఒక్కో శాతం తగ్గినకొద్దీ విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుంది. నిలవచేసే చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినకొద్దీ మరోసారి రెట్టింపవుతుంది. తేమను 14 నుంచి 10 శాతానికి దించగలిగితే, ఆ లెక్కన ఆయుష్షు పదహారు రెట్లు. శీతల యంత్రం కొనలేని ఊరికి ఇంతకంటే మంచి వార్త లేదు.

గింజను నూర్చి, తూర్పారబట్టి, తాలూ చెత్తా తీసేశాక పలుచగా పరిచి ఆరబెట్టాలి. ఉదయపు ఎండ మంచిది. నడిమధ్యాహ్నం కాలిపోతున్న బండ మీదో నల్లటి ప్లాస్టిక్ పట్టా మీదో పోస్తే గింజ వేడి 40 డిగ్రీలు దాటి మొలక చచ్చిపోతుంది. పొద్దువాలేసరికి లోపలికి తెచ్చుకోవాలి; లేదంటే పగలంతా పోయిన తేమ రాత్రి గాలిలోంచి తిరిగి పట్టేస్తుంది. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియబెట్టి, పైపొర వదిలాక కడిగి ఆరబెట్టాలి.

తేమ కొలిచే పరికరం లేకపోతే ఉప్పుతో మొదటి పరీక్ష చేయవచ్చు. తడి లేని గాజు సీసాలో మూడో వంతు విత్తనం పోసి, బాగా ఆరిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి నిమిషం పాటు కుదిపి పావుగంట వదిలేయాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ సుమారు 15 శాతానికి పైనే ఉన్నట్టు. అంటుకోనంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, ఇంకా ఆరాలి. భారత విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో గాలి ఆడే సంచుల్లో నిలవచేసే వరికి 13 శాతం, గోధుమకూ మొక్కజొన్నకూ 12, చాలా పప్పుజాతులకు 9 శాతం గరిష్ఠ పరిమితి. గాలి చొరని డబ్బాలో వేసేటట్లయితే ఇవన్నీ 8 శాతానికి దిగాలి. ఆరీ ఆరని విత్తనాన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టడం కంటే గుడ్డ సంచిలో ఉంచడమే నయం, ఎందుకంటే డబ్బాలో చిక్కుకున్న తేమకు బయటపడే దారి ఉండదు. వానాకాలంలో ఎండ దొరకనప్పుడు, పెనం మీద బాగా వేయించి చల్లార్చిన బియ్యాన్ని పలుచని గుడ్డలో మూటకట్టి విత్తనం డబ్బాలో వేస్తే, ఆ బియ్యం తేమను పీల్చుకుంటుంది; కొన్ని రోజులకోసారి మళ్లీ వేయించి పెట్టాలి.

పప్పుజాతుల్లో పుచ్చు పురుగు పొలంలోనే కాయ మీద గుడ్లు పెడుతుంది. అందుకే నూర్చిన రోజున నిగనిగలాడిన గింజకు నెల తిరిగేసరికి బెజ్జాలు పడతాయి. కిలో గింజకు 5 మిల్లీలీటర్ల వంటనూనె గింజ గింజకూ పట్టేలా కలిపితే గుడ్లు పొదగవు. బాగా ఆరిన కొద్దిపాటి విత్తనాన్ని మూసిన సీసాలో వేసి, మైనస్ 18 డిగ్రీల గడ్డకట్టే పెట్టెలో (ఫ్రీజర్‌లో) మూడు నాలుగు రోజులు ఉంచడం మరో పద్ధతి. బయటకు తీశాక సీసా చల్లదనం పూర్తిగా తగ్గేవరకు మూత తెరవకూడదు, తెరిస్తే గింజ చెమర్చుతుంది. డబ్బా ఏదైనా మూతి వరకు నింపాలి. ఖాళీ ఎంత తక్కువైతే పురుగుకు గాలి అంత తక్కువ.

రకం పేరు, పండించినవారి పేరు, కోసిన నెల, తేమ, మొలక శాతం రాసిన చీటీ ఒకటి డబ్బా లోపల, ఒకటి బయట ఉండాలి. పెన్సిల్‌తో రాయాలి. సిరా వెలిసిపోతుంది, పెన్సిల్ రాత వెలవదు.

మొలక పరీక్ష

విత్తే కాలానికి నెల ముందు ప్రతి డబ్బాలోంచీ మంచీ చెడ్డా ఏరకుండా 100 గింజలు తీసి, పాతికేసి చొప్పున నాలుగు తడిగుడ్డల మీద వరుసగా పేర్చి, వదులుగా చుట్టి, నీడన తడి ఆరకుండా ఉంచాలి. ధాన్యపు గింజలకు వారం రోజులు సరిపోతుంది, కొన్ని కూరగాయలకు రెండు వారాలు పడుతుంది. వేరూ మొలకా రెండూ సరిగ్గా వచ్చినవాటినే లెక్కపెట్టాలి. పగిలి ఊరుకున్నవి, వంకరపోయినవి లెక్కలోకి రావు. కొత్తగా కోసిన వరి వంటివాటికి కొన్ని వారాల నిద్రావస్థ ఉంటుంది, కనుక కోసిన వెంటనే చేసిన పరీక్ష చూసి విత్తనం చెడ్డదని తేల్చేయకూడదు.

85 శాతానికి మించి మొలిస్తే నిశ్చింతగా ఇవ్వవచ్చు. అంతకంటే కొంత తగ్గితే విత్తన మోతాదు పెంచి ఇవ్వాలి: 90 శాతం మొలిచే విత్తనం 20 కిలోలు పట్టే చేనుకు, 72 శాతం మొలిచేది 25 కిలోలు కావాలి. 60 శాతం లోపుంటే ఎవరికీ అప్పివ్వకుండా, మిగిలినదంతా నిధి చెక్కలో వెంటనే విత్తి కొత్త విత్తనం తీయాలి. ఉల్లి, సోయా, వేరుశనగ ఏడాది రెండేళ్లకే బలహీనపడతాయి. టమాటా, తీగజాతులు నాలుగైదేళ్లు నిలుస్తాయి. ఏ రకాన్ని ఏ ఏడాది తప్పనిసరిగా విత్తాలన్నది ఈ తేడాను బట్టి ముందే రాసుకోవాలి.

అప్పు, వాపసు

లెక్క ఎంత సులువుగా ఉంటే నిధి అంత కాలం నడుస్తుంది. పది కిలోలు తీసుకున్నవారు కోతల తరువాత పదిహేను కిలోలు తిరిగివ్వాలన్న షరతు చాలా చోట్ల నడిచే పద్ధతి. అందులో పది కిలోలు మరుసటి ఏడాది అప్పులకు, మిగిలిన అయిదు నిలవకూ పరీక్షలకూ తరుగుకూ పోతుంది. రెట్టింపు అడిగే నిధులూ ఉన్నాయి. అలా అడిగితే నిధి త్వరగా పెరగవచ్చు గాని, దాని అవసరం ఎక్కువగా ఉన్న చిన్న రైతులు, కౌలుదారులు వెనక్కి తగ్గుతారు. పంట పోయినవారి బాకీని అదనం లేకుండా మరుసటి పంటకు వాయిదా వేయాలి. ఈ నియమాన్ని కరువు వచ్చాక కాదు, మొదటి సమావేశంలోనే రాసుకోవాలి. ప్రతి రకంలోనూ మూడో వంతు నిలవను ఏ పరిస్థితిలోనూ అప్పుగా ఇవ్వకూడదు.

తిరిగి వచ్చిన విత్తనాన్ని ఎవరిది వారి పేరున విడిగా ఉంచి, కల్తీ, తేమ, మొలక పరీక్షలు పూర్తయ్యాకే కలపాలి. ఒక్కరి బెరుకు (వేరే రకం కలిసిన) విత్తనం పరీక్ష లేకుండా కలిసిపోతే రెండేళ్లలో ఊరందరి చేలల్లోకీ పాకుతుంది. ఈ పరీక్షలో తప్పిన విత్తనాన్ని మొహమాటం లేకుండా తిప్పి పంపగల మనిషి నిధిని నడిపే కమిటీలో ఒకరైనా ఉండాలి. తాళంచెవి ఇద్దరి దగ్గర, పద్దు మూడో వ్యక్తి దగ్గర ఉండడం మంచిది.

ఊరు మొత్తానికి వచ్చే ఆపద సంగతి కూడా ఆలోచించుకోవాలి. పొడి ప్రాంతాల వ్యవసాయం మీద పరిశోధించే ఇకార్డా సంస్థకు అలెప్పో దగ్గర ఉన్న జన్యు నిధి (పంట రకాల విత్తనాలు దాచే భాండాగారం) సిరియా యుద్ధం వల్ల అందుబాటులో లేకుండా పోయినప్పుడు, నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో 2008లో ప్రారంభమైన విత్తన భద్రనిధిలో దాచిన ప్రతుల నుంచే ఆ సంస్థ 2015లో విత్తనాలు వెనక్కి తెప్పించుకుని, మొరాకో, లెబనాన్‌లలో మళ్లీ పండించగలిగింది. ఊరి స్థాయిలో దీనికి సాటి ఏర్పాటు తేలికే: వేరే ఊరి నిధితో ఒప్పందం చేసుకొని, ఒకరి రకాల చిన్న ప్రతిని ఒకరి దగ్గర ఉంచుకోవాలి.

పళ్లెంలోకి రాకపోతే

ఎవరూ తినని రకాన్ని ఏ నిధీ ఎక్కువ కాలం మోయలేదు. కాబట్టి కోతల తరువాత ఏటా ఒకరోజు నిధిలోని రకాలన్నీ వండి పెట్టి, రుచి, ఉడికే సమయం, నిలవ గుణం గురించి అందరి మాటా రాసుకోవాలి. చిన్న పిల్లలు ఏది మళ్లీ అడిగారో చూడడం వల్ల కూడా చాలా తెలుస్తుంది. పొట్టు తీసే, పిండి పట్టే చిన్న మరను ఊళ్లోనో పక్క ఊళ్లోనో అందుబాటులోకి తేవడం ఒక రకాన్ని తిరిగి నిలబెట్టడంలో విత్తనమంత ముఖ్యమైన పని, కొన్నిసార్లు అంతకంటే ముఖ్యం.

చట్టం, వినతి

విత్తనం మీద రైతుకున్న హక్కును అంతర్జాతీయ ఒప్పందాలు గుర్తించాయి. ఆహార, వ్యవసాయ మొక్కల జన్యు వనరుల ఒప్పందం 2001లో ఆమోదం పొంది 2004లో అమల్లోకి వచ్చింది. దాని 9వ అధికరణం రైతుల హక్కుల గురించి చెబుతుంది. 2018 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన గ్రామీణ శ్రామికుల హక్కుల ప్రకటనలో 19వ అధికరణం విత్తన హక్కుకు కేటాయించినది. వీటిని అమలుచేసే తీరు మాత్రం ఆయా దేశాల చట్టాలది. భారతదేశపు మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మనూవచ్చు, బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. ధ్రువీకరణ లేని విత్తనం అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న దేశాలూ ఉన్నాయి. కనుక స్థానిక చట్టం చదివేవరకు నిధి లావాదేవీలను అప్పు, మార్పిడి వరకే పరిమితం చేయడం తెలివైన పని. బయటి సంస్థలకు నమూనా ఇవ్వవలసి వస్తే, ఇచ్చిన తేదీ, పరిమాణం, దేనికి వాడవచ్చో స్పష్టంగా రాసిన కాగితం మీద సంతకం తీసుకున్నాకే ఇవ్వాలి. మొదట లెక్క తీసి రాసుకున్న ఊరి రకాల పుస్తకం అప్పుడు ఆధారంగా నిలుస్తుంది.

స్థానిక పాలక సంస్థకు ఇచ్చే వినతిలో "సంప్రదాయ విత్తనాలను ప్రోత్సహించాలి" వంటి మాటలు రాస్తే, దాన్ని ఎవరూ కాదనరు, దానితో ఏ పనీ జరగదు. పొడిగా ఉండే ఒక గది, విత్తన చెక్కకు అర ఎకరం ఉమ్మడి భూమి, తేమ కొలిచే పరికరం ఒకటి, బడి భోజనానికి ఊళ్లో పండిన ధాన్యంలో ఇంత వంతు కొనాలన్న తీర్మానం, ఊరి నుంచి అంతరించిన ఫలానా రకాన్ని జాతీయ జన్యు నిధి నుంచి తెప్పించే సిఫారసు లేఖ: ఇలా ఔననో కాదనో చెప్పి తీరవలసిన కోరికలు రాయాలి. వాటితో పాటు రకాల జాబితా, గడిచిన పంటకాలంలో ఎంతమంది ఎంత తీసుకుని ఎంత తిరిగిచ్చారన్న పద్దు నకలు, మొలక పరీక్షల ఫలితాలు జతచేయాలి. వినతి అందినట్టు తేదీతో రసీదు తీసుకొని, దానికి వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, తరువాతి గ్రామ సమావేశంలో చదివి వినిపించి పుస్తకంలో నమోదు చేయించాలి.